రామ్‌నగర్‌లో మా దుకాణం, ఉద్దెర పుస్తకం

మా నాయిన హైదరాబాద్ రామ్‌నగర్‌లో కిరాణా దుకాణం పెట్టింది 1979లో. భువనగిరి దగ్గర పల్లె నుంచి పట్నం వచ్చి, మొదట ఉస్మాన్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో గుమాస్తాగా చేశాడు. కందిపప్పు గుప్పిట్లోకి తీసుకుని నలిపి చూసి అది ఎక్కడి సరుకో, ఎంత ఆరిందో చెప్పే నేర్పు అక్కడే వచ్చింది. పెళ్లయ్యాక మా తాత ఎకరం పొలం అమ్మి ఇచ్చిన డబ్బుతో ఒక మల్గీ కొన్నాడు. ముందు దుకాణం, వెనక రెండు గదులు. నేనూ తమ్ముడూ ఆ వెనక గదుల్లోనే పెరిగాం.

చిన్న దుకాణాలు ఎందుకు మూతపడుతున్నాయని ఎక్కడ మాటొచ్చినా, సూపర్ మార్కెట్లు వచ్చాయి కదా, ఆన్‌లైన్ వచ్చింది కదా అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది అబద్ధం కాదు. కానీ నేను ఏడో తరగతి నుంచి పెళ్లయ్యేదాకా గల్లా పక్కన కూర్చుని ఉద్దెర పుస్తకం, అంటే అరువు ఖాతా, రాసిన మనిషిని. మా దుకాణం ఎలా బతికిందో, ఎలా చిక్కిపోయిందో ఆ పుస్తకంలో నాకు కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పటి రామ్‌నగర్ అంటే నెల జీతాల పేట. ఒకవైపు నిజాం కాలంలో వెలసిన అజామాబాద్ పారిశ్రామిక ప్రాంతం, ఇంకోవైపు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. డ్రైవర్లు, కండక్టర్లు, ఫ్యాక్టరీ కార్మికులు, ప్రింటింగ్ ప్రెస్సుల్లో పనిచేసేవాళ్లు, చిన్న గుమాస్తాలు. అందరికీ ఒకటో తారీఖు జీతం, ఇరవయ్యో తారీఖుకల్లా చేతులు ఖాళీ. మిగిలిన పది రోజులు మా పుస్తకం మీద నడిచేవి. ఒక్కో ఇంటికి ఒక పేజీ. పేజీ పైన ఇంటాయన పేరు ఉండేది కాదు, గుర్తు ఉండేది: "వేపచెట్టు కండక్టర్", "మిషిన్ అక్క", "పైన కిరాయి మాస్టారు". కింద తేదీ, సరుకు, ధర. ఒకటి నుంచి పదో తారీఖు లోపల వాళ్లొచ్చి కట్టేవాళ్లు, నేను పేజీకి అడ్డంగా గీత కొట్టేదాన్ని. ఆ గీత కొట్టేటప్పుడు నాయిన ముఖంలో వచ్చే వెలుగు నాకు చాలా ఇష్టం.

"నేడు నగదు, రేపు అరువు" అని బోర్డు పెట్టుకున్న దుకాణాలు మా వీధిలోనే ఉండేవి. నాయిన పెట్టలేదు. "ఉద్దెర ఇయ్యకుంటే గిరాకి రాదు బిడ్డా, ఇస్తే పైసలు రావు" అనేవాడు. ఈ రెండింటి మధ్య ఎంత ఇవ్వాలో, ఎవరికి ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడమే వ్యాపారం అన్నది ఆయన నమ్మకం. జీతం ఎంతో, ఇంట్లో ఎంతమంది తింటారో, ఎవరింట్లో పెళ్లి రాబోతోందో అన్నీ ఆయనకి నోటికి వచ్చు. ఏ బ్యాంకూ మా గల్లీ వాళ్లకి ఇవ్వని అప్పు ఆయన ఇచ్చేవాడు, కాగితం లేకుండా, వడ్డీ లేకుండా.

వడ్డీ లేకుండా అన్నాను గానీ, ఆ వడ్డీ ఎవరో ఒకరు కట్టాల్సిందే. కట్టింది మేమే. దాని సంగతి చెప్పాలంటే బేగంబజార్ గురించి చెప్పాలి.

పప్పులు, చింతపండు, మిర్చి, జీలకర్ర, బెల్లం అన్నీ నాయిన బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ నుంచే తెచ్చేవాడు. ఉల్లిగడ్డకి మలక్‌పేట గంజ్. ఎండాకాలం సెలవుల్లో నన్నూ తీసుకెళ్లేవాడు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి నడిచి లోపలికి పోతుంటే మొదట ఘాటు తగిలేది, తర్వాతే దుకాణాలు కనిపించేవి. పసుపు కొమ్ములు, ఎండుమిర్చి, ఇంగువ, కొత్త గోనెసంచి వాసన. సేట్లు తెల్లటి పరుపుల మీద బాలీసుకి ఆనుకుని కూర్చుని ఫోన్లో భావ్ చెప్పుకునేవాళ్లు. అంతా హిందీ, మార్వాడీ, మధ్యమధ్యలో తెలుగు. హమాలీలు క్వింటాల్ బస్తా వీపున వేసుకుని "జరుగు జరుగు" అని అరుస్తూ వచ్చేవాళ్లు, నేను గోడకి అతుక్కుపోయేదాన్ని. నాయిన పాత గుమాస్తా కావడం వల్ల ఆయనకి అక్కడ మర్యాద ఉండేది. ఒక సేటు నాకు ఎప్పుడూ పటికబెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు.

అక్కడ ప్రతి సరుకుకీ రెండు ధరలు. నగదు ఇస్తే ఒకటి, పదిహేను రోజుల ఉద్దెరకి ఇంకొకటి. కందిపప్పు కిలోకి పావలానో, అర్ధ రూపాయో తేడా. వినడానికి చిన్నదే. కానీ మేం దుకాణంలో కిలో మీద చూసుకునే లాభమే రూపాయి, రూపాయిన్నర ఉన్న రోజులవి. అందులోంచి అర్ధ రూపాయి సేటుకి పోతే మాకు మిగిలేదేంటి? కాబట్టి నాయిన ప్రయత్నమంతా నగదు పెట్టి కొనాలని. ఆ నగదేమో వేపచెట్టు కండక్టర్ పేజీలో, మిషిన్ అక్క పేజీలో ఇరుక్కుని ఉండేది. సేటుకి పదిహేను రోజుల్లో కట్టాలి, మా గిరాకి ముప్పై రోజులకి కడతారు. మధ్యలో ఉన్న ఆ పదిహేను రోజుల దూరం మా అమ్మానాన్నల జీవితమంతా తిన్నది.

ఆ దూరం పూడ్చడానికి అమ్మ చిట్టీలు వేసేది. ఇరవై నెలల చిట్టీ, మొదటి నాలుగైదు నెలల్లోనే పాట పాడి ఎత్తేది. తొందరగా ఎత్తితే ఎంత నష్టమో అమ్మకి తెలుసు, అయినా దసరా సరుకుకి ఆ డబ్బే ఆధారం. అదీ చాలనప్పుడు గిరిగిరి ఫైనాన్స్. పదివేలు అంటే చేతికి తొమ్మిది వేలే ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం ఏడింటికి స్కూటర్ మీద ఒకతను చిన్న కార్డు పట్టుకుని వచ్చేవాడు. చూడటానికి వంద రోజులకి వెయ్యి రూపాయలే. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి పోతూ ఉంటుంది కాబట్టి, సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 75 శాతం పైనే పడుతుంది. ఇది నాకు డిగ్రీలో కామర్స్ చదివేటప్పుడు తెలిసింది. ఆ రాత్రి నాయినకి కాగితం మీద వేసి చూపించాను. చాలాసేపు చూసి, "ఎరుకే బిడ్డా. గని గల్లా ఖాళీగున్ననాడు వాడొక్కడే వస్తడు" అన్నాడు.

మరి లాభం ఎక్కడిది? చక్కెరలో లేదు, బియ్యంలో లేదు. అవి గిరాకిని రప్పించడానికే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టాక మా దగ్గర బియ్యం అమ్మకం బాగా పడిపోయింది. నాయిన బాధపడతాడనుకున్నాం. కానీ రెండు మూడు నెలల్లోనే నూనె, పప్పు అమ్మకం పెరిగింది. బియ్యం మీద మిగిలిన డబ్బుతో జనం కూరలో ఇంకొంచెం నూనె పోసుకున్నారన్నమాట. పేదవాడి చేతిలో నాలుగు రూపాయలు మిగిలితే అవి సాయంత్రానికి మూలమీది దుకాణానికే వస్తాయని నాకు అర్థమైంది అప్పుడే.

లాభం చిల్లర అమ్మకంలో ఉండేది. చింతపండు, మిర్చి, పోపు దినుసులు, చాయ్‌పత్తి. అమ్మ మధ్యాహ్నాలు కూర్చుని చాయ్‌పత్తి చిన్న చిన్న పొట్లాలు కట్టేది. అర్ధ రూపాయి పొట్లం, రూపాయి పొట్లం. కూలికి పోయి వచ్చేవాళ్లు సాయంత్రం వచ్చి అద్దపావు పప్పు, సీసాలో రెండు రూపాయల నూనె, ఒక పొట్లం చాయ్‌పత్తి తీసుకుపోయేవాళ్లు. కిలో లెక్కన చూస్తే ఆ చిన్న కొనుగోలుకే ధర ఎక్కువ పడుతుంది. లేనివాడే ఎక్కువ ధర పెడతాడన్నది నాయినకి తెలియక కాదు. అందుకే వాళ్లకి తూచేటప్పుడు తరాజు ముల్లు కొంచెం వంగేలా వేసి, పైన నాలుగు గింజలు కొసరు పోసేవాడు. ఆ తరాజుకీ బాట్లకీ తూనికలు కొలతల శాఖ ముద్ర గడువు దాటకుండా వేయించేవాడు. కొలత విషయంలో ఆయన మీద ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇది గర్వంగానే రాస్తున్నాను.

తరుగు సంగతి బయటివాళ్లకి తెలియదు. బెల్లం వానాకాలంలో కారిపోతుంది. చింతపండు ఎండితే తూకం తగ్గుతుంది. ఎలుక ఒక్క రాత్రిలో సబ్బుల పెట్టె మొత్తం పాడుచేస్తుంది. రవ్వకి పురుగు పడితే అమ్మ జల్లెడ పట్టి ఇంట్లోకి వాడేది. మా ఇంట్లో ఉప్మా ఎక్కువగా చేసుకునే రోజులంటే దుకాణంలో రవ్వ అమ్ముడుపోని రోజులు.

షాంపూ, సబ్బు పొడి సాచెట్లు వచ్చాక దుకాణం ముందు దండలు దండలుగా వేలాడేవి, పండగలా ఉండేది. అమ్మకం పెరిగింది. లాభం శాతం మాత్రం కంపెనీ చేతిలోకి పోయింది. ప్యాకెట్ మీద అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ ముద్రించే నియమం వచ్చాక కొనేవాళ్లకి మేలు జరిగింది, నేను కాదనను. మాకు మాత్రం ఎనిమిది, పది శాతం ఇదీ అని గీత గీసినట్టయింది. విడి సరుకులో నాయిన నేర్పుకి విలువ ఉండేది. మంచి పప్పు ఎంచి తేవడం, ధర తగ్గినప్పుడు నాలుగు బస్తాలు దించుకోవడం. ప్యాకెట్ సరుకులో ఎవరు అమ్మినా అదే సరుకు, అదే ధర. ఆయన ఉస్మాన్‌గంజ్ చదువు అక్కడ పనికి రాలేదు.

తొంభైల్లో నగరంలో సర్కారు ఫ్యాక్టరీలు, పాత మిల్లులు ఒక్కొక్కటే ఖాయిలా పడటం మొదలైంది. మా గిరాకిలో చాలామంది పనిచేసే ఒక ఫ్యాక్టరీలో జీతాలు మొదట పది రోజులు ఆలస్యమయ్యాయి, తర్వాత నెల, తర్వాత అసలే లేవు. నేను గీత కొట్టని పేజీలు పెరిగాయి. ఒకే ఇంటికి రెండు పేజీలు, మూడు పేజీలు. ఒకాయన మా దుకాణం ముందు నుంచి పోవడానికి ముఖం చెల్లక వెనక గల్లీలోంచి చుట్టూ తిరిగి పోయేవాడు. నాయిన ఒకరోజు ఆయన్ని ఆపి, "బాకీ సంగతి తర్వాత చూద్దం, పిల్లలకు ఏం గావాల్నో తీస్కపో" అన్నాడు. ఆయన ఆ సంచి పట్టుకుని నిలబడి ఏడ్చాడు. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) డబ్బు వచ్చినవాళ్లు చాలామంది మొదట మా బాకీయే కట్టారు. కొందరు ఊళ్లకి వెళ్లిపోయారు, ఆ పేజీలు అలాగే ఉండిపోయాయి. వాళ్ల మీద మా ఇంట్లో ఎవరికీ కోపం లేదు.

2001లో ముషీరాబాద్‌లో జెయింట్ అని హైపర్‌మార్కెట్ తెరిచారు. దేశంలోనే మొట్టమొదటిదని పేపర్లో రాశారు. మాకు నడిచిపోయే దూరం. రామ్‌నగర్ అంతా చూడటానికి పోయింది, మేమూ పోయాం. చల్లటి గాలి, తోసుకుపోయే బండి, బియ్యం మనమే ముట్టుకుని చూసుకోవచ్చు. అమ్మ చాలా సంతోషపడింది. నాయిన మాత్రం ధరల చీటీలు ఒక్కొక్కటీ చదువుకుంటూ నడిచాడు. నగరంలో త్రినేత్ర సూపర్ మార్కెట్లు అంతకు ముందు నుంచే ఉన్నాయి. 2006 నవంబర్‌లో రిలయన్స్ ఫ్రెష్ దేశంలో మొదటి దుకాణాలు హైదరాబాద్‌లోనే తెరిచింది. ఆ మరుసటి ఏడే త్రినేత్రని ఆదిత్య బిర్లా గ్రూప్ కొనేసి, తర్వాత వాటికి మోర్ అని పేరు పెట్టింది. కొత్త రకం దుకాణాన్ని మొదట పరీక్షించి చూడటానికి కంపెనీలకి మా నగరమే కనిపించేదేమో.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న అసలు మాట. ఈ పెద్ద దుకాణాలు మా గిరాకిని ఒక్కసారిగా లాక్కుపోలేదు. గిరాకి వస్తూనే ఉన్నారు, పుస్తకం నిండుతూనే ఉంది. కానీ ఒకటో తారీఖున జీతం పడగానే నెల సరుకు అక్కడ నగదుకి కొనేవాళ్లు. ఇరవయ్యో తారీఖు దాటాక మా దగ్గరికి వచ్చి ఉద్దెర రాయించుకునేవాళ్లు. నగదు అటు, బాకీ ఇటు. ఇంతకు ముందు ఒక ఇంటి కొనుగోలులో సగం నగదు, సగం ఉద్దెర ఉండేది. ఆ నగదు సగంతోనే నాయిన బేగంబజార్‌లో తక్కువ ధరకి కొనగలిగేవాడు, దానివల్లనే ఉద్దెర ఇవ్వగలిగేవాడు. ఆ సగం పోయేసరికి మాకు ఉద్దెర ఇచ్చే శక్తీ పోయింది. ఎవరికి ఆపుదామన్నా ఆపేది నిజంగా అవసరం ఉన్నవాళ్లకే. నగదున్నవాళ్లు మమ్మల్ని అడిగే పనే లేదు.

ఆ అమ్మలక్కల మీద నాకు ఏ నిందా లేదు. నెలకి రెండు వందలు మిగులుతుంటే ఏ ఇల్లాలైనా అదే చేస్తుంది, నేనూ అదే చేస్తాను.

2012 సెప్టెంబర్‌లో కేంద్రం మల్టీబ్రాండ్ రిటైల్‌లో, అంటే అన్ని కంపెనీల సరుకూ అమ్మే దుకాణాల్లో, 51 శాతం విదేశీ పెట్టుబడికి ఒప్పుకున్నప్పుడు వర్తకులు బంద్ పిలుపిచ్చారు. నాయిన షట్టర్ దించి బయట అరుగు మీద కూర్చున్నాడు. అప్పటికి మోకాళ్ల నొప్పులతో నడవలేని స్థితి. విదేశీ కంపెనీల సంగతి అటుంచి, స్వదేశీ పెద్ద కంపెనీలు వచ్చి అప్పటికే పదేళ్లు దాటింది. ఆ తర్వాత రెండేళ్లకి ఆయన పోయాడు. దుకాణం తమ్ముడి చేతికి వచ్చింది.

తమ్ముడు కష్టపడ్డాడు. ఫ్రిజ్ పెట్టాడు, పాల ప్యాకెట్లు, మొబైల్ రీచార్జ్ మొదలుపెట్టాడు. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1,000 నోట్లు రద్దయ్యాయి. మర్నాడు పొద్దున్న పాల ప్యాకెట్‌కి అందరూ ఐదు వందల నోటే తెచ్చారు. దేశంలో చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఆ రెండు నోట్లే. కొన్ని వారాల పాటు గల్లీ మొత్తం మళ్లీ ఉద్దెర పుస్తకం మీదికి వచ్చింది, కార్లున్నవాళ్లు కూడా. బేగంబజార్‌లో మాత్రం నగదు లేనిదే బస్తా కదల్లేదు. తమ్ముడు మా ఆయన దగ్గర అప్పు తీసుకున్నాడు.

2017 జూలై 1న జీఎస్టీ. ఇందులో ఒక లెక్క చాలామందికి తట్టదు. రోజుకి 5,500 రూపాయల అమ్మకం ఉంటే ఏడాదికి 20 లక్షలు దాటుతుంది, అంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ గీత దాటినట్టే. 20 లక్షల వ్యాపారం అనగానే వినేవాళ్లకి షావుకారు కనిపిస్తాడు. ఎనిమిది శాతం మిగిలితే లక్షా అరవై వేలు, నెలకి 13 వేల చిల్లర. అందులోంచే కరెంటు, ఆటో, హమాలీ, తరుగు, మునిగిపోయిన బాకీ. చిన్న వ్యాపారులకి ఉన్న కాంపోజిషన్ పథకంలో పన్ను ఉన్న సరుకు అమ్మకం మీద ఒక శాతం కట్టాలి, అదీ లాభంలోంచే. దానికి తోడు లెక్కలు చూసే అతనికి ఫీజు.

2019 అక్టోబర్ 5 నుంచి ఆర్టీసీ కార్మికుల సమ్మె 52 రోజులు సాగింది. మా పేటలో ఆ రోజులు ఎలా గడిచాయో ఇక్కడివాళ్లకి తెలుసు. నాయిన కాలం నాటి ఇళ్లవాళ్లే, ఇప్పుడు కొడుకులు డ్రైవర్లు. తమ్ముడు ఎవరికీ లేదనలేదు. "నాయినుంటే ఇయ్యకపోవునా అక్కా?" అన్నాడు. సమ్మె ముగిశాక దాదాపు అందరూ వాయిదాల మీద కట్టారు. అది పూర్తిగా వసూలయ్యేలోపే కరోనా వచ్చింది.

2020 మార్చి చివర నుంచి రెండు నెలలు మా దుకాణం పాత రోజుల్లా కళకళలాడింది. యాప్‌లలో సరుకు దొరకలేదు, పెద్ద దుకాణాల ముందు బారులు. ముఖం చూసి ఏళ్లయినవాళ్లు కూడా ఫోన్ చేసి లిస్టు చెప్పేవాళ్లు. తమ్ముడు, మరదలు మాస్కులు కట్టుకుని ఇంటింటికీ గుమ్మం దాకా ఇచ్చి వచ్చారు. అన్నీ తెరిచాక ఆ ఫోన్లు ఆగిపోయాయి. తమ్ముడు మనసు కష్టపెట్టుకున్నాడు. నాకూ బాధేసింది.

2022లో మూసేశాడు. కారణం పోటీ ఒక్కటే కాదు. మల్గీ మాదే కాబట్టి ఇన్నాళ్లూ కిరాయి లెక్కలోకి రాలేదు. కర్రీ పాయింట్ పెడతామని ఒకరు వచ్చి నెలకి 18 వేలు ఇస్తామన్నారు. పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా భార్యాభర్తలిద్దరూ నిలబడితే దుకాణం మీద మిగిలేదానికన్నా అది ఎక్కువ. ఇద్దరి కష్టానికీ విలువ సున్నా అని లెక్క తేలినట్టే కదా. ఇంకేం మాట్లాడతాం?

ఇప్పుడు తమ్ముడు ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేస్తున్నాడు. పార్సీగుట్ట, వారాసిగూడ, బౌద్ధనగర్ లైన్ అతనిది. రోజూ చిన్న దుకాణాలకే తిరుగుతాడు కాబట్టి నేను అడుగుతూ ఉంటాను, ఎలా ఉన్నారని. కిరాయి మల్గీల్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తీసేస్తున్నారట. కొన్ని సరుకులు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే ధరకన్నా నిమిషాల్లో సరుకు ఇంటికి తెచ్చే యాప్‌లోనే చౌకగా దొరుకుతున్నాయని, దుకాణందార్లు ఫోన్ తీసి అతనికే చూపిస్తున్నారట. దానికి అతని దగ్గర జవాబు లేదు. నిలబడినవాళ్లు ఎవరంటే సొంత మల్గీ ఉండి, ఇంటిల్లిపాదీ పనిచేసి, వారం కూలివాళ్లు ఉండే గల్లీల్లో ఉన్నవాళ్లు. ఆ గల్లీల్లో శనివారం రాత్రి కూలి డబ్బు వస్తుంది, ఆదివారం పొద్దున్న బాకీ తీరుతుంది, సోమవారం నుంచి మళ్లీ రాస్తారు. ఏడు రోజుల ఉద్దెర కాబట్టి డబ్బు తొందరగా తిరుగుతుంది. పుస్తకం బదులు ఫోన్లో రాసుకుంటున్నారు, బాకీ గుర్తుచేసే మెసేజ్ దానంతట అదే పోతుంది. పార్సీగుట్టలో ఒక దుకాణం నడిపే అమ్మ మాత్రం ఆ మెసేజ్‌లు పోకుండా ఆపు చేయించుకుందట. "మనిషి ఎదురైతే నేనే అడుగుత, ఫోన్ ఎందుకు అడగాలె?" అందట తమ్ముడితో.